పరాయి భుజాల మీద కోటు

పోయిన వారం టైలరును లాడ్జీ వరండాలో నిలబెట్టి వచ్చాం. చేతిలో టీ గ్లాసు ఉంది. ఆ టీ చల్లారింది. మనిషి చల్లారలేదు.

సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. టైలరు భార్య పోయి ఏడాది. బతికున్నన్నాళ్ళూ ఏటా వేసవిలో చెల్లెలితో కలిసి ఈ కొండ మీదికి వచ్చేది. చెల్లెలికి ఆయాసం. చల్లగాలి పడితే తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. టైలరు ఒక్క ఏడూ వెంట రాలేదు. బడులు తెరిచే ముందు యూనిఫారాల పని నెత్తి మీద ఉంటుంది. పెళ్ళాన్ని పంపేవాడు గానీ ఉత్త చేతులతో పంపేవాడు కాదు. కాజాలు తీయాల్సిన చొక్కాలు మూట కట్టి ఇచ్చేవాడు. "కొండ మీద కూర్చుని చేసేదేముంది? చేతులకు పనుంటే మంచిదే" అనేవాడు. ఆమె మూట మోసుకుని వెళ్ళేది. తిరిగి వచ్చేసరికి అన్ని చొక్కాలకూ కాజాలు ఉండేవి.

ఈ ఏడు మరదలు పట్టుబట్టి ఆయన్ని లాక్కొచ్చింది. "అక్క తిరిగిన చోటు ఒక్కసారి చూడు బావా" అంది. చూశాడు. మంచు దిగితే కిటికీలు మూసుకుంటారు, మంచు పోతే తెరుచుకుంటారు. అంతకు మించి వార్త పుట్టని ఊరు. కుక్కలు కూడా అరవబోయి, ఎవరైనా ఏమనుకుంటారో అని ఆగిపోతాయి. అలాంటి ఊళ్ళో లాడ్జీ మేనేజరు ఒంటి మీద బూడిద రంగు కోటు. కోటుకు కాజాలు. ఆ కాజాలు తన భార్య తీసినవి.

రాతను బట్టి మనిషిని పట్టేవాళ్ళున్నట్టే కుట్టును బట్టి పట్టేవాళ్ళూ ఉంటారు. ముప్ఫై ఏళ్ళు ఆయన కత్తిరించాడు, ఆమె కాజాలు తీసింది. దారం ఒక్కో పోగూ పక్కపక్కన, చీమలబారు నడిచినట్టు ఉండేది ఆమె కుట్టు. ఒక్క జబ్బు మాత్రం ఉండేది. కాజాకు రెండు కొసలా అడ్డకుట్టు వేసేది. "ఒక కొస చాలు. రెండోది దారం దండగ" అని ఆయన కసిరేవాడు. కసిరి కసిరి మానిపించాడు. మానేసిందనే అనుకున్నాడు. ఈ కోటుకు ప్రతి కాజాకూ రెండు కొసలా అడ్డకుట్టు ఉంది.

మొగుడి దగ్గర మానుకున్న ముచ్చట పరాయివాడి గుండెల మీద తీర్చుకుంది. ఆ ఒక్క ఆలోచన ఆయన్ని రాత్రంతా కందిరీగలా కుట్టింది.

తెల్లవారింది. మరదలితో పాటు వచ్చిన తోడల్లుడు చెవులదాకా మఫ్లరు చుట్టుకుని నడకకు పోయాడు. టైలరు బజారుకు పోయాడు. బజారంటే వాలు మీద వరసగా నాలుగు దుకాణాలు. గుండీలు, సూదులు, ఉన్ని అమ్మే దుకాణంలో ఒక ముసలావిడ కుంపటి ముందు చేతులు కాచుకుంటోంది.

"బూడిద రంగు దారం కావాలి. ఒక బ్లేడు కూడా."

"దారం కోటుకా?"

"ఊఁ."

ఆవిడ డబ్బాలో వెతుకుతూ ఆయన వేలి మీది సూది కాయ చూసింది. తరువాత ముఖం చూసింది. "నిన్న దిగారు కదూ, ఆయాసం అమ్మాయితో? అయితే మీరు టైలరమ్మ ఆయన!"

టైలరమ్మ. ఆ పేరు ఆయన ఎన్నడూ వినలేదు. తమ ఊళ్ళో ఆమె టైలరు పెళ్ళాం. ఇక్కడ తాను టైలరమ్మ మొగుడు.

"ఎవరా టైలరమ్మ?"

"భలేవారే! కట్టుకున్నదాన్ని పట్టుకుని ఎవరంటారేంటి?" ఆవిడ మోచెయ్యి ముందుకు చాపింది. "ఈ స్వెట్టరు ఎక్కడ చినిగిందో చెప్పండి చూద్దాం. నాకే తెలీదు. ఇదిగో, ఈ బల్ల మీద కూర్చుని పాట పాడుకుంటూ కుట్టేసింది."

"పాటా?"

"పాటంటే పాట కాదు లెండి. మా గేదె నయం. అయినా వినాలనిపించేది."

టైలరు మిగతా చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయన చెవిన ఒక్క పాట వెయ్యలేదు. ఆ పాట ఉన్ని అమ్ముకునే ముసలిదానికి దొరికింది. దారి పక్క చెట్లకు దొరికింది. ఆయనకు ఆ చెట్ల మీద కూడా మంట పుట్టింది. ఇన్ని ఏళ్ళుగా ఆమెను చూసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి, దొంగ వెధవలు.

మేనేజరు కౌంటరు వెనక తాళం చెవులు తుడిచి కొక్కేలకు తగిలిస్తున్నాడు. తలుపంత మనిషి. భుజాలు బల్ల పరిచినట్టు ఉంటాయి. కోటు ఒంటి మీదే ఉంది. నిన్న కాజాలే కనపడ్డాయి, ఇవాళ మిగతాది కనపడింది. చేతులు పొట్టి. మణికట్టు దాకా రావడం లేదు. ఎడమ భుజం దగ్గర గుడ్డ లేచి నిలబడింది, లోపల పిల్లిపిల్లను దాచినట్టు. అది చూశాక టైలరు కడుపు కాస్త చల్లబడింది. ఎవడు కత్తిరించాడో గానీ వాడి చేతికి కత్తెర కాదు, కొడవలి ఇవ్వాలి అనుకున్నాడు.

"రెండో గుండీ వదులైంది. ఇవ్వండి, బిగించి తెస్తాను."

"మీకెందుకండీ శ్రమ?"

"వేలాడే గుండీ కనపడితే కుట్టేవాడికి ముద్ద దిగదు."

మేనేజరు నవ్వాడు. "ఆవిడా ఇదే మాట అనేది."

ఆవిడ. అక్కయ్య అనలేదు. చెల్లెమ్మ అనలేదు. వదిన అనలేదు. రైల్లో పక్కన కూర్చున్నవాడిని కూడా దిగేలోపు బాబాయినో బావనో చేసుకునే జనం మనం. ఈ మనిషి ఏటా చూసిన ఆడదానికి ఏ వరసా కలపలేదు. వరస కలిపితే దారి మూసుకుపోతుంది. కలపలేదంటే తెరిచి ఉంచుకున్నాడన్నమాట. టైలరు లెక్క అది.

"జాగ్రత్తండీ" అన్నాడు మేనేజరు కోటు విప్పి ఇస్తూ. "చలికి నాకు ఇది తప్ప ఇంకోటి ఆనదు."

టైలరు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీ పక్కన బల్ల మీద కోటు పరిచాడు. గుండీ వంక చూడనైనా లేదు. అది గట్టిగానే ఉంది. బ్లేడు తీసి అస్తరు కుట్టు మీద పెట్టాడు.

కోటు ఎవరు కుట్టారో పైకి తెలియదు. పైకి అందరూ పెద్దమనుషులే. లోపల విప్పితే బండారం బయటపడుతుంది. కాజాలు మాత్రమే ఆమెవైతే సరే. ఎవడో టైలరు కోటు కుట్టి కాజాలకు ఆమెకు ఇచ్చి ఉంటాడు, ఆమె తీసి ఉంటుంది. అంతవరకు ఆయన ఓర్చుకోగలడు. కోటు మొత్తం ఆమెదైతే? కోటు కుట్టాలంటే కొలతలు తీయాలి. కొలతలు తీయాలంటే టేపు పట్టుకుని ఛాతీ చుట్టూ చేతులు తిప్పాలి. అక్కడితో ఆయన ఆలోచన ఆగిపోయింది. బ్లేడు ఆగలేదు.

అస్తరు విడిపోయింది. లోపలి కుట్లన్నీ ఆమెవే. ఒక్కటి కూడా పరాయి చెయ్యి లేదు. గుడ్డ మీద కత్తిరింపుకు గీసిన గీత ఇంకా లీలగా ఉంది. సుద్ద గీత కాదు. అరిగిపోయిన సబ్బు ముక్కతో గీసింది. ఆయన షాపులో సుద్ద, టేపు, పెద్ద కత్తెర ఆయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ముట్టనివ్వలేదు కాబట్టి ఆమె సబ్బు ముక్కతో గీయడం నేర్చుకుంది. అంటే కత్తిరించింది కూడా ఆమే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. టైలరుకు కోటు కుట్టడం రాదు. నిక్కర్లు, చొక్కాలు, జాకెట్లు, అవే ఆయన చదువు. కోటు గుడ్డ పట్టుకొచ్చినవాడిని "తీరికలేదండీ" అని పంపించేవాడు. తీరిక లేకపోవడం కాదని ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసని ఇప్పుడు తెలిసింది. మొగుడికి రాని పని కొండెక్కి నేర్చుకుంది. కింద చెప్పనైనా లేదు. ఆమె మీద అనుమానం ఒక ఎత్తు. ఈ మంట ఇంకో ఎత్తు. ఏది ఎక్కువ కాలుస్తోందో ఆయనకే తేలలేదు.

తప్పు దొరికితే బాగుండునని వెతికాడు. తప్పు ఉందిగా! ఆ ఎడమ భుజం. ఎంత నేర్చినా ఆడపని ఆడపనే అనుకుంటూ భుజం విప్పాడు. లోపల గట్టి గుడ్డ, కుడి వైపు ఒక పొర ఉంది. ఎడమ వైపు మూడు పొరలు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, మెట్లలాగా, కావాలని పేర్చినవి. పొరపాటున మూడు పొరలు పడవు. వేసుకునే మనిషికి ఎడమ భుజం వాలి ఉంటేనే అలా పేరుస్తారు.

మేనేజరు భుజాలు బల్లలాంటివి. మరి వాలింది ఎవరికి?

టైలరు లేచి, విప్పిన అస్తరు వేలాడుతుండగానే, కోటు తన ఒంటి మీద వేసుకున్నాడు. గోడకు చిన్న అద్దం ఉంది. కోటు కూర్చుంది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. గుండీ పెట్టుకుంటే ఎక్కడా ముడత పడలేదు. ఎడమ భుజంలో లేచి నిలబడ్డ పిల్లి పడుకుంది.

"మీ ఎడం భుజం వాలుతోందండీ, కాస్త నిటారుగా కూర్చోండి" అని ఆమె ఎప్పుడో అంది. "ముందు కాజాలు చూడు" అన్నాడు.

ఊరందరి కొలతలూ టైలరు తీస్తాడు. టైలరు కొలత ఎవరూ తీయరు. ఆయన ఒంటి మీద ఎవరూ టేపు పెట్టలేదు. విడిచిన చొక్కా చూసి తీసిందో, నిద్రపోతుంటే జానలు వేసి తీసిందో.

ఇంకొకడైతే అక్కడ ఏడ్చేవాడు. టైలరు ఏడ్చే రకం కాదు. ఆయనకు కొత్త కోపం వచ్చింది. నాకోసం కుట్టింది వాడి ఒంటి మీదికి ఎలా ఎక్కింది?

తలుపు తోసుకుని మరదలు వచ్చింది, చేతిలో వేడినీళ్ళ చెంబు. బల్ల మీద గుడ్డ ముక్కలు, దారం పోగులు, బ్లేడు చూసి గుమ్మంలోనే ఆగింది.

"బావా! నువ్వు మనిషివా కత్తెరవా? ఆయన కోటు పేగులు తీసి కూర్చున్నావేంటి?"

"ఎవరి కోటు?"

"మేనేజరుగారిది. ఇంకెవరిది?"

"నా వైపు సరిగ్గా చూసి చెప్పు."

చూసింది. చెంబు కింద పెట్టి మంచం అంచున కూలబడింది. "కనిపెట్టావా" అంది మెల్లగా.

"నీకు ముందే తెలుసు."

"గుడ్డ కొన్నప్పుడు పక్కనే ఉన్నాను. తెలీకేం? 'వచ్చే ఏడు ఆయన్ని తెస్తానే, ఈ చలికి ఆగలేడు' అంది. వచ్చే ఏడు నువ్వు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. కోటు ఈ లాడ్జీ బీరువాలోనే ఉండేది. రాగానే తీసి, దులిపి, ఎండలో వేసేది. నువ్వు రాకపోయినా నీ కోటు ఏటా ఇక్కడ ఎండ కాగింది బావా. నీకంటే దానిదే అదృష్టం."

"ఇంటికి తేవచ్చుగా?"

"కిందనా? చొక్కానే బరువనిపించే ఎండలో కోటు తెచ్చి ఇస్తే ఏమనేవాడివి? గుండె మీద చెయ్యేసి చెప్పు."

టైలరు చెయ్యి వెయ్యలేదు. ఏమనేవాడో ఆయనకు తెలుసు. మంచి గుడ్డ పాడు చేశావు అనేవాడు.

"సరే. వాడికెందుకిచ్చింది?"

"అది నన్ను అడగాలండీ."

గుమ్మంలో మేనేజరు. పల్చటి చొక్కాతో, చేతులు చంకల్లో పెట్టుకుని, వణుకుతున్నాడు. విప్పిన అస్తరు చూశాడు. నేల మీద పోగులు చూశాడు. కోప్పడలేదు. "మీకు బాగా కుదిరింది" అన్నాడు.

ఆ మెప్పుకోలు టైలరును కొట్టినట్టు తగిలింది. "నా పెళ్ళాం నీకేమవుతుంది?"

"బావా!" అని మరదలు అరిచింది.

"ఏమీ కాదండీ."

"ఏమీ కానివాడికి కోటు ఇస్తారా?"

"ఆవిడకు నేనేమీ కాను. నా సంగతి వేరు." మేనేజరు నేల చూపులు చూడలేదు. "ఆవిడ మీద నాకు మనసైంది. అది ఆవిడకు తెలియనివ్వలేదు. అక్కా అని పిలిస్తే అబద్ధం అవుతుందని ఏ వరసా పెట్టలేదు. అంతకు మించి నా దగ్గర దాచిందేమీ లేదు."

"విన్నావా?" టైలరు మరదలి వైపు తిరిగాడు. "నిప్పు లేనిదే పొగ రాదని ఊరికే అన్నారా?"

"నిప్పు ఆయన పొయ్యిలో ఉంది. అక్క పొయ్యిలో లేదు. నీ పొయ్యి ఎన్నడైనా రాజుకుందో లేదో నువ్వే చెప్పాలి."

జవాబు దొరకనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు. "కోటు సంగతి తేల్చండి ముందు!"

"ఆఖరిసారి వచ్చిన ఏడు ఇచ్చింది" అన్నాడు మేనేజరు. "'కుట్టిన గుడ్డ ఒంటి మీద పడకపోతే ఉసూరుమంటుంది, మీరైనా వేసుకోండి' అంది. నాకు చాలదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. తీసుకున్నాను. ఆ తరువాత ఒక మాట అడిగింది."

"మేనేజరుగారూ, వద్దు." మరదలు లేచి నిలబడింది. "మనం అనుకున్నాం కదా."

వీళ్ళిద్దరి మధ్య కూడా ఏదో ఉంది. తాను తప్ప అందరికీ తెలిసినదేదో ఉంది. టైలరుకు ఆ గదిలో తనే పరాయివాడిలా అనిపించింది.

"చెప్పు" అన్నాడు.

"ఇక్కడే ఉండిపోతాను, ఒక గది ఇవ్వండి, మిషను వేసుకుంటాను అంది. నవ్వులాట అనుకున్నాను. బస్సు వచ్చింది. మీ మరదలుగారు ఎక్కారు. ఆవిడ ఎక్కలేదు. పెట్టె కింద పెట్టి, దాని మీద కూర్చుంది. నేను కిందికి పోను అంది."

బయట ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు. టైలరుకు తెలిసినంతలో ఆ ఏడు ఆమె మామూలుగానే ఇంటికి వచ్చింది. ఒక పూట ఆలస్యమైందేమో. బస్సు చెడిపోయిందని చెప్పింది మరదలు.

"ఎన్నాళ్ళు ఉంచుకున్నావ్?"

"ఒక్క పూట కూడా ఉంచలేదు. తరువాతి బస్సుకు పట్టుబట్టి ఎక్కించాను. నన్ను తిట్టుకుంటూ ఎక్కింది."

ఇంతసేపూ టైలరు మండిపోయాడు, ఈ మనిషి తన పెళ్ళాన్ని ఉంచుకున్నాడేమో అని. ఉంచుకోకుండా తిప్పి పంపాడని వినేసరికి మంట చల్లారాలి. చల్లారలేదు. రెండింతలైంది. ఆమె ఉంటానంటే వద్దనడానికి వీడెవడు? ఆమెలో వీడికి ఏం తక్కువ కనపడింది?

"వద్దన్నావా! నా పెళ్ళాన్ని? ఆమె అడిగితే వద్దన్నావా?"

మేనేజరు నివ్వెరపోయి చూశాడు. "వద్దనడం నాకు సులువు అనుకున్నారా?" అన్నాడు చివరికి. "ఎందుకు ఉంటానంటోందో చెప్పింది. అది విన్నాక నా దగ్గర ఉంచుకోవడం దొంగతనం అనిపించింది. ముందు మీ ఆయనకు చెప్పండి అన్నాను. ఆ ఒక్క మాట చెప్పండి, ఆయన విన్నాక కూడా ఇక్కడికే రావాలనిపిస్తే మంచి గది తాళం చెవి మీ చేతిలో పెడతాను అన్నాను. మళ్ళీ రాలేదు. మీరు విన్నారనుకున్నాను. ఏదో సర్దుకుందనుకున్నాను. నిజం చెప్పాలంటే మీరంటే నాకు కుళ్ళుగా ఉండేది." ఆగాడు. "విన్నారుగా?"

టైలరు గుర్తు తెచ్చుకున్నాడు. గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడనక్కర్లేకపోయింది. అది వెతకకుండానే వచ్చింది. షాపు నిండా నీలం యూనిఫారాల గుట్ట. మర్నాటికి ఇవ్వాలి. ఆమె వచ్చింది. లోపలికి పోకుండా, పెట్టె చేతిలో ఉండగానే మిషను పక్కన నిలబడింది. పెదాలు కదిలాయి. ఆయన కాలు పెడలు మీద ఆడుతోంది. మిషను గోలలో ఒక్క ముక్క వినపడలేదు. "ఇప్పుడు కాదు" అన్నాడు. ఆమె కదలలేదు. మళ్ళీ పెదాలు కదిపింది, ఈసారి ఇంకా దగ్గరగా వంగి. ఆయన పెడలు ఇంకా గట్టిగా తొక్కాడు.

మర్నాడు పొద్దున ఆమె గడప దగ్గర కూర్చుని కాజాలు తీస్తోంది. ఏమిటని ఆయన అడగలేదు. ఆ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఆయన నోరు తెరవకుండానే మేనేజరుకు అర్థమైంది. ముఖంలో ఇన్నాళ్ళ కుళ్ళు తుడిచినట్టు పోయింది. దాని చోట జాలి వచ్చింది. జాలి పడటం టైలరుకు తెలియదు, పడనివ్వడం అసలు తెలియదు. తల తిప్పుకున్నాడు. మేనేజరు ఇంకేమీ అనకుండా, కోటు కూడా అడగకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పింది?" అని అడిగాడు టైలరు. "నీకు తెలుసు. చెప్పు. ఏం చెప్పింది ఆ రోజు?"

మరదలు వెళ్ళి తలుపు గడియ వేసింది. కిటికీ అద్దం మీది మంచు అరచేత్తో తుడిచి కింది దారి చూసింది. దారి మీద ఇంకా ఎవరూ లేరు.

"మీ తోడల్లుడు వచ్చేలోపు చెప్పేస్తాను" అంది, ఆయాసం అప్పుడే మొదలవుతుండగా. "విన్నాక నన్ను చెప్పుతో కొట్టినా పడతాను. ఆయన చెవిన మాత్రం వెయ్యకు బావా. వేశావంటే నేను ఈ కొండ దిగడం ఉండదు."